కారు కొరికిన మామ

ఆ నవ్వుడు జర ఆపుండ్రి! అవును, నిజమే. మలేషియాల రేసు కారును నేను నోటితోని కొరికిన. ఆ ఫొటో గద్వాల మొత్తం తిరిగిందని నాకు తెల్సు. నిన్న పూలమ్మేటామె గూడ "కారు రుచి ఎట్లున్నదన్నా?" అని అడిగింది. అందుకే మొదటికెళ్లి చెప్తున్న, ఇనుండ్రి. ఇన్నంక తప్పెవరిదో మీరే చెప్పుండ్రి. ఖాజా భాయ్, నువ్వు జర గిట్ల దగ్గరికి జరుగు. నీ కొత్తంగికి గుండీ కాడ పోగు వేలాడుతున్నది, చూస్తుంటే నాకు పాణం ఆగుతలేదు. నువ్వు చాయ్ తాగు, నేను దాని సంగతి చూస్కుంట చెప్త.

మా అక్క బిడ్డ హారిక మీకు తెల్సు గద. వనపర్తిల మా బావకు మెకానిక్ షెడ్డు. ఆ పిల్లకు బొమ్మల మీద ఎన్నడు ధ్యాస లేదు, అంత ఇంజన్ల మీదనే. పదేండ్లకే ఉప్పునుంతలల మా చిన్నాయన చేన్ల ట్రాక్టర్ తోలింది. ఆ ట్రాక్టర్ ఆపుడు మాత్రం రాలే, డీజిల్ అయిపోయేదాంక చేను చుట్టు తిరిగింది. తర్వాత హైదరాబాద్ పోయి చిన్న రేసు బండ్లు, అదే గో కార్టులు, తోలి కప్పులు గూడ గెలిచింది. ఇప్పుడు పదిహేడేండ్లు. మలేషియాల ఒక రేసు టీమోళ్లు టెస్టుకు పిలిచిన్రు. ముగ్గురు పిల్లలను పిలిచి, పెద్ద కారు తోలిపిచ్చి, ఎవరు జల్ది తోలితే వాళ్లకు సీటిస్తరట. ముగ్గురికీ ఒక్కటే సీటు! అది దొరికితే ఏడాదంత వాళ్ల కార్ల రేసులు తోలుతది. దొరకకుంటే మళ్ల మా బావ షెడ్డుల పానాలు అందియ్యాలె.

పిల్లకు పద్దెనిమిది నిండలే, వెంట పెద్దమనిషి పోవాలె. మా బావ పాస్‌పోర్టు తీసి చూస్తే తేదీ ఎప్పుడో అయిపోయింది. మా అక్కకు విమానం మాట ఇంటెనే బీపీ. ఇగ మిగిలింది నేను. మగ్గం ముంగట కూసునేటోనికి పాస్‌పోర్టు యాడిదంటరా? దుబాయ్‌ల చేనేత ఎగ్జిబిషన్ ఉన్నది, గద్వాల చీరలు తీస్కపోదం అని ఎవరో చెప్తె ఉరికురికి తీయిచ్చిన. ఎగ్జిబిషన్ లేదు, ఏం లేదు. పాస్‌పోర్టు ఒక్కటి బీరువల పడి ఉన్నది.

బయలెల్లినప్పటికెళ్లే నాకు ఏం సమజ్ కాలే. హైదరాబాద్ ఎయిర్‌పోర్టుల చెప్పులిడువు అన్నరు, బెల్టు తియ్యి అన్నరు, చేతులు పైకెత్తు అన్నరు. పైకెత్తితే ప్యాంటు కిందికి జారుతున్నది, ప్యాంటు పట్టుకుంటే చేతులు పైకెత్తు అంటున్నరు! ఆఖరికి నా జేబుల కెళ్లి చిన్న కత్తెర తీసి డబ్బల పడేసిన్రు. ఇరవై ఏండ్లకెళ్లి నా జేబుల ఉన్న కత్తెర అది.

"సార్, అది పోగులు కత్తిరిచ్చేది సార్" అన్న.

"మామా, విమానంల ఏం పోగులు కత్తిరిస్తవ్? నడువ్!" అని హారిక నన్ను గుంజుకపోయింది.

గీ కత్తెర ముచ్చట యాదికి పెట్టుకోండ్రి. అది నా జేబుల ఉంటే నేను నోరు పెట్టకపోదును.

టెస్టుకు ఒక్క రోజు ముందు పోయినం. ఎట్లాగు వచ్చినం గద, ఊరు చూద్దమని బయలెల్లినం. ఆ జంట బిల్డింగులున్నయి గద, వాటిని చూసి చూసి మెడ పట్టేసింది. తర్వాత బజారుకు పోయినం. నా ముంగట ఒక ఆంటీ నడుస్తున్నది. మెడల కండువ లెక్క పట్టు గుడ్డ, దానికి జరీ పువ్వులు. అబ్బ, ఏం నేత! మనకు అలవాటు గద, మంచి గుడ్డ కనవడితే ఎన్కకు తిప్పి చూస్తం. ఎన్క సాఫ్ ఉంటెనే నేత సాఫ్. నా చెయ్యి నన్ను అడగనే లేదు, పోయి ఆ గుడ్డ కొస పట్టి తిప్పింది. ఆమె మెడకు పడ్డది! ఒక్క కేక పెట్టింది, సెక్యూరిటీ ఆయన ఉరికొచ్చిండు. నేనేమో "సూపర్ క్లాత్ మేడం, బ్యాక్ సైడ్ వెరీ గుడ్" అంటున్న. ఆమె మొఖం ఇంక ఎర్రగైంది. హారిక అందరికి సారీ చెప్పి చెప్పి అలిసిపోయింది.

"మామా, ఒట్టేయి. ఈ దేశంల ఉన్నన్ని దినాలు నీ చేతులు జేబుల్లకెళ్లి తియ్యొద్దు."

ఒట్టేసిన. మాట అంటే మాటే! మాపటికి గుహల ఉన్న మురుగన్ గుడికి పోతే, అన్ని మెట్లు చేతులు జేబుల్ల పెట్టుకునే ఎక్కిన. కోతి వచ్చి నా మోచేతికి తగిలిచ్చుకున్న అరటిపండ్ల కవర్ గుంజుకపోతున్నా చెయ్యి తియ్యలే. దేవునికి దండం పెట్టేటప్పుడు గూడ "తియ్యొచ్చా బిడ్డా?" అని అడిగిన.

తెల్లారి టెస్టు. రేసు ట్రాకు పక్కన పెద్ద షెడ్డు. మా బావదీ షెడ్డే, ఇదీ షెడ్డే! కింద నూనె మరక లేదు, మన ఇండ్లల్ల తినే కంచం గూడ అంత సాఫ్ ఉండదు. నడుమ తెల్ల కారు. నేలకు ఆనుకొని పండుకున్నట్టున్నది. ఒక పొడుగు ఇంజినీర్ సారు వచ్చి ఏందేందో చెప్పిండు. నేను ప్రతిదానికి "ఎస్ సార్" అన్న. ఏమన్నడో ఇప్పటికీ తెల్వదు. హారికనే నాకు సమజైతట్టు చెప్పింది, ఆమెకు ఒక్క గంట ఇచ్చిన్రట. ముందు అయిదు రౌండ్లు మెల్లగ తోలాలె, అది కారు కొత్త రెక్కను చూస్కుంటందుకట. తర్వాత పది రౌండ్లు జోరుగ తోలాలె, అవే లెక్కల కొస్తయి. గంట అయినంక ఇంకో పిల్లగాని వంతు.

"మామా, మేము అద్దాల రూంల మీటింగుకు పోతున్నం. నువ్వు గీ కుర్సీల కూసో. చేతులు?"

"జేబుల్లనే ఉన్నయి బిడ్డా."

అందరు పోయిన్రు. నేను, కారు, ఇద్దరమే. ఊరికెనే చూస్తున్న. కారు ముంగటి రెక్క మీద ఏందో ఎర్రగ కదిలింది. లేచి వంగి చూసిన. పోగులు! ఏలెడంత ఎర్ర ఊలు పోగులు. ఒకటి గాదు, రెండు గాదు, రెక్క నిండ, పక్కల నిండ, వంద దాంక ఉంటయి. ఒక కొసకు టేపు అతికిచ్చి ఉన్నది, ఇంకో కొస ఉత్తగనే వేలాడుతున్నది.

నాకు పాణం పోయినట్టైంది. మీరే చెప్పుండ్రి, చీర మీద ఒక్క పోగు వేలాడితే సేటు ఊకుంటడా? చీర మొఖాన కొడ్తడు. చిన్నప్పుడు మా తాత ఒక్క పోగు ఇడిచిపెడ్తె చేతి మీద చురుక్కుమనిపిచ్చేటోడు. ఇంత పెద్ద టీము, ఇంత సాఫ్ షెడ్డు, కారును గిట్ల ఇడిచిపెట్టిన్రేంది? జర సేపైతే మా పిల్ల ఇదే కారుల కూసుంటది. రేపు అందరు 'వనపర్తి పిల్ల తోలిన కారు పోగులు పోగులున్నది' అనరా? హారిక ఇజ్జత్ ఏం గావాలె?

కుర్సీల కూసున్న. మళ్ల లేచిన. మళ్ల కూసున్న. చేతులు తియ్యనని ఒట్టేసిన. తీసినా కత్తెర లేదు. అప్పుడు యాదికొచ్చింది, మగ్గం మీద కత్తెర దొరకనప్పుడు పోగు ఎట్ల తెంపుతం? పండ్లతోని! ఒట్టు చేతుల మీదనే గద, నోటి మీద లేదు గద!

ఇగ చేతులు జేబుల్ల పెట్టుకొని, మోకాళ్ల మీద కూసొని, ఒక్కొక్క పోగు పండ్లతోని పట్టి టేపు కాడికి తెంపిన. టకటక టకటక! ముంగటి రెక్క అయిపోయింది, పక్కలకొచ్చిన. నోట్ల ఊలు నిండింది, ఉమ్ముదామంటె నేల అంత సాఫ్ ఉన్నది, దవడల దాసుకున్న. ఆఖరి పోగు తెంపుతుంటే ఎన్కకెళ్లి ఒక్క కేక.

"నో! నో! నో! నో!"

పొడుగు సారు. ఆయన ఎన్క నలుగురు. వాళ్ల ఎన్క హారిక, హెల్మెట్ చేతిల పట్టుకొని. నేను ఊలు నిండిన నోటితోనే "నో ప్రాబ్లమ్ సార్, ఐ క్లీన్" అన్న. ఒక ఎర్ర పోగు బయటికొచ్చి గడ్డం మీద పడ్డది.

సారు హారికను ఏందో అడిగిండు.

"ఏమంటుండు బిడ్డా?"

"మీ అంకుల్ కారెందుకు తింటుండు అంటుండు మామా!"

అప్పుడు చెప్పింది అసలు సంగతి. గాలి కారు మీదికెళ్లి ఎటు పోతదో కంటికి కనవడదట. అందుకని పోగులతికిస్తరు. పోగు ఎటు ఊగితే గాలి అటు పోతున్నట్టు. కెమెరాతోని అదే చూస్తరట. వాళ్లు పొద్దుగాల రెండు గంటలు కూసొని అతికిచ్చినయి నేను పది నిముషాలల్ల నమిలేసిన!

హారిక మొఖం చూసిన. ఏడుస్తలేదు, తిడ్తలేదు. గోడ మీద గడియారం చూస్తున్నది. ఇంకో ఇరవై నిముషాలకు ఆమె గంట మొదలైతది, ఆగదు.

"ఊలుండ, టేపు ఇయ్యమను బిడ్డా! పోగుల పని నాది, నేను అతికిస్త!"

సారు నన్ను నమ్మలే. కాని ఇంకో దారి లేదు. ఇచ్చిండు. చేతులు జేబుల్లకెళ్లి తీసిన. ఇగ చూస్కో! స్కేలు లేదు, గీత లేదు, అంచుల బుటా ఎట్ల దించుతమో గట్ల వరుసకు వరుస దించిన. పదిహేను నిముషాలకు వందా అయిపోయినయి. సారు వంగి చూసిండు, నోరు తెరిచిండు. "బ్యూటిఫుల్!" అన్నడు. ఆ ఇంగ్లీషు నాకు సమజైంది. నా భుజం తట్టిండు గూడ. నేను మీసం మీద చెయ్యేసిన.

హారిక కారు తోల్క పోయింది. అందరు టీవీల ముంగట నిలవడ్డరు. ఒక రౌండ్ అయింది. సారు కండ్లద్దాలు తుడుచుకొని మళ్ల చూసిండు. రెండు రౌండ్లైనయి. ఒకాయన టీవీని తట్టిండు. ఇంకొకాయన బయటికి పోయి గాలి ఉన్నదా లేదా అని చెయ్యి పెట్టి చూసొచ్చిండు. వాళ్లెందుకు పరేషాన్ అవుతున్నరో నాకు తెల్వదు, నాకెందుకు తెల్వదో వాళ్లకు తెల్వదు. అయిదు రౌండ్లైనయి, కారు లోపలికొచ్చింది. సారు పోయి ఒక పోగు మీద ఏలు పెట్టిండు. ఎన్కకు తిరిగి నన్ను చూసిండు.

ఒక్క పోగు గూడ ఊగలేదు. ఎట్లూగుతది? రెండు దిక్కుల టేపేసిన గద! పోగు కొస ఇడిచిపెట్టుడు నా చేతికి రాదు. అతికిస్తున్నప్పుడు రెండో కొస ఇడువాలె అని తల్కాయల ఉన్నది, చెయ్యి ఇన్లే.

ఇగ అందరు కూసొని వంద టేపులు పీకిన్రు. నన్ను షెడ్డు బయటికి పంపిచ్చిన్రు. హారిక మళ్ల అయిదు రౌండ్లు మెల్లగ తిరగాల్సొచ్చింది. ఆమె గంటల ఇగ మిగిలింది నాలుగు రౌండ్ల టైమే. పది రౌండ్లల్ల చేసే పని నాలుగు రౌండ్లల్ల చెయ్యాలె! నేను పాత టైర్ల మీద కూసొని నిజంగనే ఏడ్చిన. ఆ పిల్ల ఏడేండ్ల కష్టం నా నోట్లె ఏసుకొని నమిలిన గద అనిపిచ్చింది. బావకు ఫోన్ కొట్టిన.

"కారు కొరికిన బావా."

"ఏందీ?"

"నోటితోని."

"పిల్ల మంచిగున్నదా?" అన్నడు. ఉన్నదన్న. ఫోన్ పెట్టేసిండు.

ఎప్పుడైందో తెల్వదు, లోపల అందరు ఒక్కసారే సంబురంగ అర్సిన్రు. పొడుగు సారు ఉరికొచ్చిండు. కొడ్తడేమో అని మొఖానికి చేతులడ్డం పెట్టిన. ఆయన నన్ను అలుముకున్నడు! నాకు మళ్ల ఏం సమజ్ కాలే. హారిక హెల్మెట్ తీసుకుంట వచ్చింది, చెమటతోని నిండ తడిసింది.

"మామా, మిగిలిన ఇద్దరికీ మెల్లగ తిరిగేది అయిదు రౌండ్లే. నాకు పది దొరికినయి. ఆ పదిల ప్రతి మలుపు, ప్రతి ఎత్తుపల్లం చూస్కున్న. ఆఖరి రౌండ్ల యాడ గూడ భయపడలే."

మాపటి దాంక మిగిలిన ఇద్దరు తోలిన్రు. హారిక టైమే తక్కువ. సీటు మన పిల్లకే!

అప్పుడు చూడాలె నా నడక! విమానంల పక్క సీటాయనకు గూడ చెప్పిన, నేను కావాలనే రెండు దిక్కుల టేపేసిన అని. మొన్న ఆ టీమోళ్ల కాయిదం వచ్చింది. హారిక సదివింది. వెంట వచ్చే పెద్దమనిషి అద్దాల రూంల కెళ్లి కాలు బయట పెట్టొద్దు, ఎవరైనా సరే, కారుకు పది అడుగుల దూరం. ఎన్కనే నా ఫొటో గూడ పంపిన్రు, గోడ కెమెరా తీసింది. మా బావ ఉరికి పాస్‌పోర్టు రెన్యూ చేయిచ్చుకున్నడు, వచ్చే నెల ఆయనే పోతుండు. ముప్పై ఏండ్లకెళ్లి మెకానిక్, సొంత బిడ్డ కారు ముట్టనియ్యరు! నా ఫోన్ ఎత్తుతలేడు. ఆ ఫొటో వాట్సాప్‌ల పెట్టింది గూడ ఆయనే.

ఏం చేస్త చెప్పుండ్రి? అలవాటే గట్లాంటిది. కాని ఒట్టేసి చెప్తున్న, మలేషియా నుంచి వచ్చినప్పటికెళ్లి నేను ఒక్క పోగు మీద గూడ చెయ్యి... 

అరె, ఖాజా భాయ్, గట్ల చూస్తున్నవేంది? ఏమైంది? ఓ... నీ గుండీలు. ఆగాగు, లేవకు! మూడు నా చేతిలనే ఉన్నయి, నాలుగోది నీ చాయ్‌ల పడ్డట్టున్నది.