మనవాడని అడగని ప్రశ్నలు

ఆ రోజు నేను చేసింది చిన్న తప్పేమీ కాదు. ముఖానికి మందు పూసి చర్మం పైపొరను ఊడదీసే కెమికల్ పీల్ కోసం వచ్చిన ఒక యువకుణ్ణి అడగాల్సినవి అడగకుండానే, చేసేయవచ్చని తేల్చేశాను. అతను మావైపు వాడు కావడం తప్ప దానికి వేరే కారణం లేదు.

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని మా క్లినిక్‌కి తెలుగువాళ్ళు వస్తూనే ఉంటారు. కానీ మా తెనాలి పక్కనుంచి వచ్చినవాడు నా ఎదుట కూర్చోవడం అదే మొదలు. కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాడు. మెయిన్స్ దాటాడు, వచ్చే నెలలో ఇంటర్వ్యూ. బుగ్గల మీది మొటిమల గుంటలు ఆలోపు పోవాలన్నాడు. అతని యాస చెవిన పడగానే నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. తెనాలి స్టేషన్ బయట టిఫిన్ హోటల్ ఇంకా ఉందా, ఫలానా కాలేజీలో చదివావా, ఫలానావాళ్ళు తెలుసా అంటూ కబుర్లలో పడ్డాను. మందుల సంగతి వచ్చినప్పుడు కూడా, "ఏమీ వాడట్లేదుగా?" అని జవాబు నేనే అందించాను. అతను తలూపాడు. నేను పేషెంట్‌ని చూడలేదు, చుట్టాన్ని పలకరించాను.

మా క్లినిక్‌లో పీల్‌కి గానీ లేజర్‌కి గానీ ముందు ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూడాలి. ఆ నియమం పెట్టింది మా సీనియర్ మేడమ్. లూధియానా ఆవిడ. ఆవిడ పేషెంట్‌ని చూసే తీరు నాకు ఇప్పటికీ అబ్బురమే. ముఖం చూడటానికి తొందరపడరు. లోపలికొచ్చిన మనిషి వెలుతురులో కూర్చున్నాడా, దూరంగా జరిగాడా గమనిస్తారు. అద్దం ఇవ్వకుండా, ఇబ్బంది ఎక్కడో వేలితో చూపించమంటారు. ఏం పూశావు, ఎవరు పూయమన్నారు, దెబ్బ తగిలితే మచ్చ నల్లబడుతుందా అని అడుగుతారు. చివరికి ఒక ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది: దీనివల్ల ఏయే పనులు మానేశావు? జవాబు వచ్చేదాకా మాట్లాడరు. ముడతలు పోగొట్టుకోవడానికి వచ్చిన ఒక ప్రాపర్టీ డీలర్, పోలీస్ వెరిఫికేషన్‌లో కూడా ఇన్ని అడగరని ఎగతాళి చేస్తే, పోలీసులు మీ ముఖంలో సూది దించరు కదా అన్నారు నవ్వుతూ. అన్నీ చెప్పాకే ఆయనకు సూది పడింది. చాలామందిని ఏమీ చేయకుండా పంపేశారు. వాళ్ళలో కోపంగా వెళ్ళినవాళ్ళు తక్కువ.

అంత తెలిసి కూడా, ఆ యువకుణ్ణి వెంటబెట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్ళి, మావాడే మేడమ్, అన్నీ అడిగేశాను అని చెప్పాను. ఆవిడ అతని వైపు తిరిగి, ఈయన ఇక్కడ ఉండాలా, బయట ఉండాలా అని హిందీలో అడిగారు.

అతను నావైపు చూడలేదు. "అకేలే మే, మేడమ్," అన్నాడు మెల్లగా.

ఒంటరిగా కావాలట. బయటికొచ్చి నా గదిలో కూర్చున్నాను. మొదట రోషం వచ్చింది. కాసేపటికి, నేను అడగనివి గుర్తొచ్చి భయం వేసింది.

అతని అనుమతితో ఆవిడ నన్ను మళ్ళీ పిలిచారు. కోచింగ్ మొదలైనప్పటి నుంచీ మెడికల్ షాపువాడిచ్చిన క్రీమ్ రాస్తున్నాడట. అందులో స్టెరాయిడ్ ఉంది. చర్మం పలచబడి, ఎండకు మండుతోంది. దాని మీద నేను పీల్ చేసి ఉంటే సరిగ్గా ఇంటర్వ్యూ నాటికి బుగ్గలు కమిలి నల్లబడేవి. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. ముఖం చూస్తారన్న భయంతో మాక్ ఇంటర్వ్యూలన్నీ ఎగ్గొట్టాడు. చీకటి పడితే గానీ గది దాటడం లేదు. అసలు ఇంటర్వ్యూకి కూడా వెళ్ళకూడదనే అనుకుంటున్నాడు. నిజానికి ఆ గుంటలు దగ్గరికెళ్ళి చూస్తే గానీ కనిపించవు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. అలా అడిగే హక్కు నాకు లేదని అడిగాక తెలిసింది.

"మీరు మా ఊరి పక్కనే కదా సార్," అన్నాడు. "రేపు ఇంట్లోవాళ్ళకి తెలిస్తే? మేడమ్‌కైతే మావాళ్ళెవరూ తెలీదు."

మేడమ్ క్రీమ్ ఎలా తగ్గించుకుంటూ రావాలో అతనికి ఓపిగ్గా చెప్పారు. పీల్ ఇప్పుడొద్దన్నారు. తన స్నేహితురాలైన మానసిక వైద్యురాలిని కలవమన్నారు. అతను మాత్రం కలుస్తాననీ అనలేదు, కలవననీ అనలేదు.

నేను అతనితో పాటు కిందికి దిగాను. మెట్ల దగ్గర ఆపి, తప్పు నాదేనని చెప్పాను. అడగాల్సిన పద్ధతిలో అడగలేదనీ, నా చేతుల్లో అతని ముఖం పాడయ్యేదనీ దాచకుండా చెప్పాను. ఈ గదుల్లో విన్నది నా నోటి నుంచి ఎక్కడికీ పోదని మాటిచ్చాను. అతను చేతిలో ఫోన్ తిప్పుతూ అడిగాడు.

"మేడమ్ కలవమన్న ఆవిడ పిచ్చి డాక్టరా సార్?"

"కాదు. భయాలకి మందిచ్చే డాక్టర్. నేనూ వస్తాను, బయటే కూర్చుంటాను."

"మీకు క్లినిక్ ఉంది కదా?"

"నీకు ఇంటర్వ్యూ ఉంది కదా," అన్నాను. మొదటిసారి కొంచెం నవ్వాడు.

మర్నాడు ఉదయం నా పేషెంట్లను మేడమ్‌కి అప్పగించాను. ఆవిడ ఎందుకని అడగకుండానే సరే అన్నారు. హౌజ్ ఖాస్ మెట్రో దగ్గర అతన్ని కలుసుకుని ఆ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. పేరు పిలవగానే అతను లేచి, లోపలికి వెళ్ళకుండా తలుపు దగ్గర ఆగిపోయాడు. తర్వాత తనే తలుపు తోసుకుని వెళ్ళాడు. రిసెప్షన్‌లో ఉన్నావిడ వచ్చి, మీకూ అపాయింట్‌మెంట్ ఉందా అని అడిగింది. లేదు, ఆయనకి తోడొచ్చానని చెప్పి, అతను బయటికొచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.