ఐలవ్వ మాట్లాడని మీటింగు

ఐలవ్వ నోరంటే ఆ పట్నంలో తెలియనివాళ్లు లేరు. కరీంనగర్ నుంచి కొండగట్టు పోయే తోవలో, పాత బస్టాండు పక్కన రోడ్డు మీద ఆకుకూరలు పెట్టుకుని ఆమె సగం జీవితం గడిపింది. తూకంలో మోసం చేసే టోకు వ్యాపారి కానీ, తట్టలు తీయమని లాఠీ ఊపే పోలీసు కానీ, ఆమె ముందు కాస్త తగ్గి మాట్లాడాల్సిందే. కూరగాయలవాళ్లకు అక్కడో నల్లా వచ్చిందంటే, మునిసిపల్ ఆఫీసు గేటు ముందు ఆమె కూర్చుని లొల్లి పెట్టబట్టే. పెనిమిటి పోయాక ఇద్దరు ఆడపిల్లలను ఆ నోటి ధైర్యంతోనే సాకింది.

వాళ్లు కూర్చునే ఆ చోటే రెండంతస్తుల కొత్త మార్కెట్టు కడతారన్నారు. ఎండకు ఎండి వానకు తడిసినవాళ్లు కదా, అందరూ సంతోషించారు. కానీ ఉల్లిగడ్డ, ఆలుగడ్డ లాంటి బరువు సరుకు కింద, ఆకుకూరలు, మిర్చి, నిమ్మకాయలు పై అంతస్తులో అని ఎవరో చెవిన వేశారు. ఆ మాటతో షాజాదీ బేగం మొహం వాడిపోయింది. ఐలవ్వ పక్కనే కూర్చుని పచ్చిమిర్చి, నిమ్మకాయలు అమ్మే మనిషి ఆమె. మోకాళ్లు అరిగిపోయి, ఆటో దిగాలన్నా ఎవరో ఒకరు చేయందించాలి.

"ఐలవ్వా, మెట్లెక్కుడు నాతోని కాదు. పైకి పంపితె నా దుకాణం బందే. మునిసిపాలిటోళ్లు మీటింగు పెడతరట గద, అండ్ల గదొక్క మాట చెప్పు," అని బతిమాలింది షాజాదీ.

"నేనుండంగ నీకు ఫికరెందుకే? ఆళ్ల సంగతి నేను జూస్త," అంది ఐలవ్వ.

మునిసిపాలిటీవాళ్లు పద్ధతిగానే పిలిచారు. ఫంక్షన్ హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ అన్నారు, గోడకు కట్టబోయే మార్కెట్టు నక్షా పెద్దది వేలాడదీశారు. కూరగాయలవాళ్లంతా ఒక్క మాట మీదకొచ్చి, మన తరఫున ఐలవ్వే మాట్లాడాలన్నారు. ఆమె కొంగు నడుముకు బిగించి, ఏమేం అడగాలో దారంతా గొణుక్కుంటూ వచ్చింది.

హాల్లో అడుగు పెట్టిందో లేదో, "ఐలవ్వగారు వేదిక మీదికి రావాలె" అని మైకులో పిలిచారు. గారు! పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎవరూ అట్లా పిలవలేదు. కుర్చీ వేశారు. ఇంజనీరు శ్యాంసుందర్ స్వయంగా లేచొచ్చి శాలువా కప్పి, వంగి దండం పెట్టాడు. శాలువా లేని సభ మన దగ్గర ఎక్కడుంది? సారుకు బదిలీ అయినా, రోడ్డుకు కొబ్బరికాయ కొట్టినా ఎవరో ఒకరి భుజం మీద అది పడాల్సిందే. రోజూ కప్పించుకునేవాళ్లు కారెక్కేలోపే దాన్ని డ్రైవరుకు ఇచ్చేస్తారు. ఐలవ్వకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మా, ప్లాన్ల ఏమన్న ఇబ్బందుంటె ఇక్కడనే చెప్పుండ్రి. ఇప్పుడైతె మార్చుకోవచ్చు," అన్నాడు ఇంజనీరు. మాటవరసకు అనలేదు, మళ్లీ అడిగాడు కూడా.

మైకు చేతికొచ్చింది. ముందు వరసలో షాజాదీ కుర్చీ అంచుకు జరిగి ఆమె వైపే చూస్తోంది. నలుగురిలో కూర్చోబెట్టి మర్యాద చేసిన మనిషిని ఆ నలుగురిలోనే తప్పు పట్టడం ఎట్లా? తర్వాత పక్కకు పిలిచి నిదానంగా చెబుదాంలే అనుకుంది ఐలవ్వ.

"మంచిగ కడుతుండ్రు సారు. సల్లగుండాలె మీరు," అని మైకు ఇచ్చేసింది.

హాలంతా చప్పట్లు. షాజాదీ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుంది. ఇంత నోరున్న మనిషి! ఇప్పుడు ఎవరిని తిట్టాలి చెప్పండి, అడిగినవాణ్నా, చెప్పనిదాన్నా?

తర్వాత ఐలవ్వ మునిసిపల్ ఆఫీసుకు పోయి అసలు సంగతి చెప్పింది. ఇంజనీరు తల పట్టుకున్నాడు.

"గా రోజే అంటె మార్పిచ్చేటోణ్ని గదమ్మా! అందరి ముంగట మీరే మంచిగుందన్నరు. తీర్మానమైంది, పై ఆఫీసుకు పోయింది. ఇగ నా చేతుల లేదు."

అతను అబద్ధమాడటం లేదని ఆమెకు తెలుసు. గేటు ముందు కూర్చుని అరుద్దామన్నా మొహం చెల్లలేదు.

మార్కెట్టు లేచింది. పెద్దమనిషి అని గౌరవించి ఐలవ్వకు కింద, గేటు పక్కనే జాగా ఇచ్చారు. షాజాదీకి పైన, ఒక మూలకు. కొన్నాళ్లు ఆమె గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. కింద ఉల్లిగడ్డలవాళ్లే ఓ పక్కన మిర్చి కూడా పెట్టుకున్నాక, పిడికెడు మిరపకాయల కోసం పైదాకా ఎవరెక్కుతారు? మిర్చి మెత్తబడింది, నిమ్మకాయలు ఎండిపోయాయి. ఒకరోజు ఆమె రాలేదు. ఆ తర్వాత ఇక రానేలేదు.

ఐలవ్వ ఆమె ఇంటికి పోయింది. షాజాదీ మంచం మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. చెయ్యి తుడుచుకుని లేవబోతే ఐలవ్వ ఆపింది. కోడలు చాయ్ తెచ్చి ఇచ్చింది.

"నా జాగల సగం నీదే. రేపటిసంది వచ్చి నా పక్కన కూసో," అంది ఐలవ్వ.

"ఇద్దరికి సరిపోదది. నీ ఆకుకూర యాడ పెడతవ్?"

"మరి నన్ను తిట్టన్న తిట్టు."

"తిట్టుడెందుకు," అంది షాజాదీ. కాసేపు మోకాలు ఒత్తుకుని మళ్లీ తనే అంది. "నాతోని ఎన్నిసార్లు లొల్లి పెట్టుకున్నవ్ ఐలవ్వా! జాగ జరిపిన్నని, గిరాకిని గుంజుకున్ననని. దినాలకు దినాలు మాటల్లేకుంట ఉన్నం. అయినా మల్ల కలిసిపోయినం గద. గా సారుతోని ఒక్కపారి లొల్లి పెట్టుకుంటె ఏమయ్యేది? ఆయన గూడ నాలుగు దినాలు మాట్లాడకుంట ఉండేటోడు. గంతేనాయె. చాయ్ తాగు."

కోపంగా అన్నా బాగుండేది. ఐలవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.