బాతు కాలికి కట్టు కట్టిన కాంపౌండరు గారు

కాంపౌండరు గారు పోయారు. పోయిన మంగళవారం ఉదయం నందిగామలో, తన ఇంట్లోనే, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి అలాగే పక్కకు ఒరిగిపోయారట. జగ్గయ్యపేటలో ఉన్న మాకు ఆ సంగతి గురువారం గాని తెలియలేదు. అటునుంచి మా కొట్టుకు బెల్లం వేసుకొచ్చిన బండి మనిషి చెప్పాడు. "బాతుల కాంపౌండరు గారు ఇంక లేరండి" అన్నాడు. బియ్యం చెరుగుతున్న మా అత్తగారు చేట పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

నిజానికి ఆయన బాతుల కాంపౌండరు కారు. పశువైద్య శాఖలో ఎక్కడెక్కడో పనిచేసి, రిటైరయ్యాక నందిగామలో స్థిరపడ్డారు. ఎడ్ల మెడ పుళ్ళకూ గేదెల పొదుగు వాపులకూ ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళే ఎక్కువ. బాతుల పేరు ఆయనకు అంటుకోవడంలో మా ఇంటి పాత్ర కొంత ఉంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

పదేళ్ళ కిందట, నేను కాపురానికి వచ్చిన రెండో ఏట, మిర్చి బేరానికి కంచికచర్ల వెళ్ళిన మా వారు వెదురు జల్లలో రెండు బాతు పిల్లల్ని తెచ్చారు. ఒకటి తెల్లది, ఒకటి చుక్కలది. కోతకు పోతుంటే చూసి ఉండబట్టలేకపోయానన్నారు. మాది గుడ్డు కూడా ముట్టని ఇల్లు. "తినేది లేదు, అమ్మేది లేదు, ఎందుకురా ఇవి?" అని గొడవ చేసిన మా అత్తగారే, నెల తిరక్కుండా తెల్లదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని బచ్చలాకు తుంచి పెట్టడం మొదలుపెట్టారు.

ఏడాది తిరిగేసరికి తెల్లది కుంటసాగింది. పాదం కింద వాపు, మధ్యలో మిరియమంత నల్లటి పక్కు. ఇరుగుపొరుగు వాళ్ళు నవ్వారే గాని ఎవరూ దారి చెప్పలేదు. చివరికి మా కొట్టుకు వచ్చే రైతొకాయన నందిగామ కాంపౌండరు గారి ఇంటి గుర్తులు చెప్పాడు. బుట్టలో బాతును పెట్టుకుని చిల్లకల్లు దాకా జట్కాలో వెళ్ళి, అక్కడ బస్సెక్కాను. బస్సులో అందరూ నన్నే చూశారు.

ఆయన మాత్రం నవ్వలేదు. చేతులు కడుక్కుని, తుడుచుకుని, అరచేతులు రెండూ వేడెక్కేదాకా రుద్దుకున్నారు. చల్లటి చేత్తో పట్టుకుంటే పక్షి బెదురుతుందట. బాతు తల మీద పల్చటి గుడ్డ కప్పి, "ఏవండీ, ఒకసారి కాలిటు ఇవ్వండి" అన్నారు. నన్నేమో అనుకుని కంగారుపడ్డాను. బాతుతోనే! ఆయనకది అలవాటు. పశువునైనా పక్షినైనా మీరు అనే పిలిచేవారు.

గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో కాలు నానబెట్టి, మెత్తబడ్డాక శుభ్రం చేసి, టింక్చరు అద్ది, వేళ్ళ మధ్య నుంచి గుడ్డపేలిక తిప్పి కట్టు కట్టారు. నాచేత ఇంకోసారి కట్టించి చూశారు. "బిగిస్తే వేళ్ళు చల్లబడతాయమ్మా. కట్టాక తాకి చూడండి" అన్నారు. ఆ తరవాత అడిగారు, "దీన్ని ఎక్కడ తిప్పుతున్నారు?"

"పెరట్లోనండి."

"పెరట్లో ఏముంది?"

"నాపరాళ్ళు పరిచి ఉన్నాయండి."

ఆయన తల పంకించి మా ఇంటి గుర్తులు అడిగారు. ఆదివారం నాడు చెప్పకుండా మా ఇంటికి వచ్చారు. చెప్పులు విప్పి మిట్టమధ్యాహ్నం ఆ బండల మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచారు. "వైద్యం కాలికొక్కదానికే చేస్తే చాలదమ్మా, నేలకీ చెయ్యాలి" అన్నారు. మామగారి తాత పరిపించిన బండలు తియ్యడానికి మా అత్తగారు ఒప్పుకోలేదు. కాంపౌండరు గారు వాదించలేదు. బాతును ఎత్తి ఆవిడ ఒళ్ళో వెల్లకిలా పెట్టి పాదం చూపించారంతే. సాయంత్రానికి మా వారు ఒక మూల ఆరు బండలు పీకించారు. పాలేటి ఇసుక పోయించి, పైన ఎండుగడ్డి పరిచాం. నెలన్నరకు తెల్లది మామూలుగా నడిచింది.

ఆ ఏడే దీపావళికి ఇంకో తమాషా జరిగింది. ఇంట్లో అందరికీ తలంట్లు అయ్యాక, మిగిలిన కుంకుడు రసంతో మా అత్తగారు బాతులు రెండింటికీ తలంటు పోశారు. మెరిసిపోతున్నాయని మురిసిపోయారు కూడా. మర్నాడు తొట్టిలో దిగిన బాతులు తేలలేదు. ఈకలు నీళ్ళు పీల్చి గుడ్డల్లా బరువెక్కి, తోకలు మునిగిపోయి, బయటికి తీస్తే గజగజ వణికాయి.

రెండింటినీ బుట్టలో పెట్టుకుని నందిగామ వెళ్ళాను. ఈసారి సంగతి విని కాంపౌండరు గారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. ఆయన పైకి నవ్వగా నేను చూసింది అదొక్కసారే. తోక మొదట్లో ఈకలు విడదీసి చిన్న బుడిపె చూపించారు. "ఇదిగోనమ్మా, దీని నూనె సీసా. ముక్కుతో ఇక్కడ తీసుకుని ఒళ్ళంతా రాసుకుంటుంది. ఆ జిడ్డు ఉన్నన్నాళ్ళే నీళ్ళు అంటవు. మీరు దాన్ని కాస్తా వదలగొట్టారు."

"ఆముదం రాయమంటారా?" అని మా అత్తగారు అడిగి రమ్మన్నారని చెప్పాను.

"అమ్మో, వద్దు! వాటంతట వాటిని రాసుకోనివ్వండి. పొడిగా, వెచ్చగా ఉంచండి. తల మునిగేంత మంచినీళ్ళు మాత్రం రోజూ మార్చి పెట్టండి. మిగిలింది అవే చూసుకుంటాయి. మనం చెయ్యి తియ్యడం కూడా వైద్యమే."

అవే చూసుకున్నాయి.

ఇప్పుడు నాకు రాయడం కష్టమైన భాగం. మూడేళ్ళ తరవాత తెల్లదానికి రెండో కాలు వాచింది. ఈసారి వాపు గట్టిగా, లోతుగా ఉంది. ఆయన రెండు వారాలు చూసి, కోసి లోపలి గడ్డ తీస్తానన్నారు. తీశారు. నెత్తురు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఐదో రోజున తెల్లది మా అత్తగారి చీర కుచ్చెళ్ళ మీద పడుకుని చచ్చిపోయింది. ఆవిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

కబురు తెలిసి ఆయన మా ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "తప్పు నాదేనమ్మా. తొందరపడి లోతుగా కోశా" అన్నారు. కూర్చోమనాల్సింది. బదులుగా నేను, "కాంపౌండరు డాక్టరు పని చేస్తే ఇలాగే ఉంటుంది" అన్నాను. మా వారు నన్ను వారించబోయారు. ఆయన మాత్రం అవునన్నట్టు తలూపి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. ఆ రోజు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదని తరవాత గుర్తొచ్చింది.

ఎనిమిది నెలలు మాటల్లేవు. అప్పుడు చుక్కలది కుంటడం మొదలుపెట్టింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. మా అత్తగారే బుట్ట తెచ్చి నా ముందు పెట్టారు. "నీ మాటకి అది కుంటాలా? పోయిరా" అన్నారు.

వెళ్ళాను. ఆయన ఎప్పటిలాగే అరచేతులు రుద్దుకున్నారు. కట్టు కట్టడం అయ్యాక నేను నోరు విప్పాను.

"ఆ రోజు అలా అని ఉండకూడదండి."

"అన్నది నిజమే గదమ్మా" అన్నారు. "నేను డాక్టర్ని కాను. అందుకే ఆ తరవాత బెజవాడలో నాకు తెలిసిన డాక్టరు గారి దగ్గరికి పోయి పదిహేను రోజులు పక్కన నిలబడి చూసా. ఎక్కడ కొయ్యాలో తెలిసింది. ఎప్పుడు కొయ్యకూడదో ఇంకా బాగా తెలిసింది. దీనికి కోత అక్కర్లేదు. ఓపిక ఉంటే చాలు."

అరవై దాటిన మనిషి, నా మాట పట్టుకుని కోపగించుకోకుండా, పాఠం నేర్చుకోవడానికి వెళ్ళారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. నలభై రోజులు ఉప్పునీళ్ళూ కట్టూ మేమే చేశాం. ప్రతి ఆదివారం ఆయన వచ్చి చూసేవారు. చుక్కలది నయమై, ఆ పైన ఇంకా నాలుగేళ్ళు బతికింది. ఆ ఆదివారాల్లో ఆయన మా ఇంట్లో కాఫీ తాగకుండా వెళ్ళలేదు. మా అత్తగారు వెళ్ళనివ్వలేదు.

మొన్న ఆదివారం ఆయన భార్యను పలకరించడానికి నందిగామ వెళ్ళాను. ఇంట్లో చుట్టాలు ఉన్నారు. ఆవిడ నన్ను చూసి ఏడవలేదు. చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయారు. గడ్డి మీద ఎవరిదో ముసలి బాతు ఒకటి కూర్చుని ఉంది. కాలికి మాసిపోయిన కట్టు.

"రెడ్డిగూడెం వాళ్ళది. వాళ్ళకింకా తెలీదు. మంగళవారం నుంచీ కట్టు మార్చలేదమ్మా. ఇన్నేళ్ళలో నేనొక్కనాడూ వీటిని ముట్టుకోలా. ఆయనుండగా నాకెందుకనుకున్నా" అన్నారు.

"పట్టుకోండి పిన్నిగారూ, నేను మారుస్తాను" అన్నాను.

నీళ్ళు వెచ్చబెట్టుకొచ్చాను. ఆవిడ భయపడుతూనే బాతును ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు. పాత గుడ్డ తడిపి విప్పాను. పుండు మానుముఖం పట్టింది. చుట్టూ లేత చర్మం వచ్చింది. కొత్త పేలిక కట్టి, వేళ్ళు తాకి చూసి, అయిపోయిందన్నాను. కింద దించమని చెప్పలేదు, ఆవిడా దించలేదు. బాతు మెడ చాచి, గాజులు తీసేసిన ఆ మణికట్టు మీద ముక్కు ఆనించి కళ్ళు మూసుకుంది. లోపలి నుంచి ఎవరో పిలుస్తున్నా ఆవిడ కదలకుండా అలాగే కూర్చున్నారు.