ముంచింగిపుట్టులో 'స' చోటు మారింది

ఈ భూమ్మీద 'స' స్వరాన్ని పట్టుకుని పక్కకి జరిపేసిన మనిషి ఒక్కతే ఉంది: ముంచింగిపుట్టు మగ్దలేనమ్మ. చదివింది అయిదో తరగతి, పండించేది కాఫీ, రాగులు. నమ్మకపోతే మానేయండి. ఆ శనివారం చర్చిలో ఉన్నవాళ్ళ నోళ్ళు ఇంకా పూర్తిగా మూతపడలేదు.

చర్చి కీబోర్డు ముందు పన్నెండేళ్ళుగా ఆవిడే కూర్చుంటోంది. సంఘపెద్ద ఫిలిప్పు మిషను హాస్టల్లో సి, డి, ఇ అంటూ ఇంగ్లీషు స్వరాలు నేర్చుకొచ్చి, సి అంటే స, డి అంటే రి అని తేల్చేసి, తెల్లమెట్లన్నిటికీ అక్షరాలు రాసిన కాగితాలు అంటించాడు. వాటిని చూసే ఆమె వాయిస్తుంది. నల్లమెట్లకు కాగితాల్లేవు. దుమ్ము తుడవడానికి తప్ప వాటి జోలికి ఎన్నడూ పోలేదు.

కోత పండుగకు కొత్త పాట పాడతానని విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చిన టీచరు సత్యకుమారి ముందుకొచ్చింది. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్న మనిషి. స్వరాలన్నీ పుస్తకంలో రాసి తెచ్చింది.

"సూడు సెల్లీ," శనివారం సాధనకు కూర్చోగానే ఫిలిప్పు మగ్దలేనమ్మను ముందే హెచ్చరించాడు, "రేపు పాట తప్పిందంటే వచ్చే వారం పాడేరులో వాయించే ఆల్విన్‌ని తెచ్చి ఈ కుర్సీలో కూకోబెడతాను."

మగ్దలేనమ్మ 'స' కాగితం నొక్కింది. టీచరు తల అడ్డంగా ఊపింది.

"అది నాకు మరీ కింద, పిన్నీ. నాది ఐదు శ్రుతి."

"ఐదేటమ్మా? స ఒకటే కదేటి?"

"తెల్లమెట్లలో ఐదోది నొక్కండి. అదే నా స."

ఐదోదాని మీద 'ప' అని ఉంది. నొక్కింది. టీచరు కళ్ళు మూసుకుని హాయిగా "స" అని పాడింది. రెండూ అతుక్కుపోయాయి. వేడి పెనం తగిలినట్టు మగ్దలేనమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఓలమ్మో! ప మీద కూకుని స అంతాదేటి!"

"బళ్ళో పంతులమ్మలకి పాటలేటి తెలుస్తాయి?" అన్నాడు ఫిలిప్పు.

మళ్ళీ మొదలుపెట్టారు. టీచరు రి అంటే వేలికింద ద, గ అంటే ని. అన్నీ గొంతుతో కలిశాయి. తీరా టీచరు ని అనేసరికి వేలు 'మ' కాగితం మీద పడింది. ఆ అపస్వరానికి బయట పడుకున్న కుక్క లేచి సంత దాకా పరిగెత్తింది. మగ్దలేనమ్మకు కుర్చీ అప్పుడే కింద నుంచి జారిపోతున్నట్టయింది. వేలిని పక్కనున్న నల్లమెట్టు మీదికి జరిపింది. కలిసింది!

"దానికి కాగితమే లేదు గదే!" ఫిలిప్పు అరిచాడు.

"సి ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది పిన్నీ," అంది టీచరు. "స మాత్రం పాడేవాళ్ళు ఎక్కడ పెట్టుకుంటే అక్కడ. మిగతావి దాన్నిబట్టే."

మగ్దలేనమ్మ గోరుతో మొదటి కాగితం లేపింది. రెండోది. మూడోది.

"ఏటి సేత్తన్నావే! రేపే గదా పండుగ!"

"కాగితం సూత్తంటే సెవి ఇనడం లేదన్నా."

మర్నాడు ఆవిడ కళ్ళు టీచరు నోటి మీద, వేళ్ళు బోసి మెట్ల మీద. నల్లదాన్ని ఒక్కసారీ తప్పలేదు. పాట అయ్యేసరికి ఫిలిప్పు చేతిలో ఆల్విన్ నంబరు తీసి ఉంచిన ఫోను మెల్లగా జేబులోకి పోయింది.

సోమవారానికల్లా కబురు కొండలు దిగింది. 'స'ని ఎలా జరిపావని సంతలో అడిగినవాళ్ళందరికీ ఆవిడ చెప్పింది ఒకటే:

"నానేటీ జరపలేదు. కాగితాలు పీకీసినాను, అంతే."