కనబడకుంటే లేనట్టేనట!

ఇయ్యాల సుబేదారిల వెబ్‌సైట్లు చేసుడు నేర్పే పీహెచ్‌పీ క్లాసు. మా సారు, కొత్తవాడల మా చిన్నాయన జంపఖానాల దుకాణానికి తాను చేసిన సైటే తెరిచి పాఠం మొదలువెట్టిండు. ఆర్డర్ బటన్ నొక్కంగనే స్క్రీన్ నిండ ఎర్రర్లు. సారు జర గూడ సిగ్గుపడలే. కోడ్‌ల ఎర్రర్లను దాచే @ గుర్తు పెట్టిండు, పలిగిన గోడకు క్యాలెండర్ తగిలించినట్టు. "గుడ్ ప్రాక్టీస్ అంటే గిది" అన్నడు.

"తప్పు అట్లనే ఉంది గద సార్, కనబడుతలేదు అంతే" అన్న.

"కస్టమర్‌కు కనబడకుంటే లేనట్టే అమ్మా!"

గీయన మాకు గురువు!

పొద్దుగూకినంక చిన్నాయన ఫోన్ చేసిండు. "సైటు మంచిగైందని సారు చెప్పిండు బిడ్డా. అయినా ఒక్క ఆర్డర్ రాలే. ఇగ జనాలకు జంపఖానాలే వద్దేమో."

చిన్నాయనకేం చెప్పాల్నో మీరే చెప్పుండ్రి. సారుకేం చెప్పాల్నో నాకు తెల్సు.