నేను ఇంగ్లీషులో చెప్పని మాట

పోర్టు దగ్గర కస్టమ్స్ పనులు చూసే ఒక ప్రైవేటు ఆఫీసులో నాది గుమాస్తా ఉద్యోగం. విదేశాల నుంచి ఓడల్లో వచ్చే జీడిపిక్కలకు కాగితాలు నేనే తయారుచేస్తాను. మా అక్క మొగుడు ఉద్దానంలో జీడితోట రైతు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం నేను ఎప్పుడో మానేశాను.

రెండేళ్ల కిందట, చలికాలంలో, ఢిల్లీ నుంచి కొందరు అధికారులు వచ్చి బీచ్ రోడ్డు హోటల్లో పల్లె రైతుల అభిప్రాయాలు వింటామన్నారు. జీడి రైతుల తరఫున మా బావ వచ్చాడు. వచ్చినవాళ్లలో తెలుగు తెలిసినవాళ్లు లేరు. సభ ఏర్పాటు చేసినవాళ్లు మా యజమానిని అడిగి తర్జుమాకు నన్ను పిలిపించుకున్నారు.

బావ ముందురోజే సీతమ్మధారలో మా ఇంటికి వచ్చి, చెప్పదలచుకున్నదంతా నాకు రెండుసార్లు వినిపించాడు. పొద్దున్న టిఫిను పెడితే వద్దన్నాడు.

అతని వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మైకు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"ఓడలు ఆపీమని నానడగట్లేదండి. మా పిక్కలు ఎండాకాలంలో రాల్తాయి. సరిగ్గా అప్పుడే ఓడలొచ్చీసి రేటు పడిపోతంది. మా పంట అమ్ముకున్నాక రమ్మనండి, సాలు. ఇంకోటండి. ఓడలెప్పుడు రావాలో మీరు రాసుకునే కాడ మాలో ఒకడ్ని కూకోబెట్టండి. రాసీసేక అడిగితే ఏటి లాభం?"

ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఓడల సంగతి చెప్పాను. రేటు సంగతి చెప్పాను. అంతలో వేదిక మీది పెద్దాయన గడియారం చూసుకుని, చాలన్నట్టు చెయ్యెత్తాడు. "థాంక్యూ సర్" అన్నాను. ఆఖరి మాట నా నోట్లోనే ఉండిపోయింది.

"అంతా సెప్పీసేవా బావా?" అని అడిగాడు, మైకు ఇచ్చేశాక. అతనూ నన్ను బావా అనే పిలుస్తాడు.

"చెప్పేశాను."

భోజనాల దగ్గర అతను ఆకలిగా తిన్నాడు. నేను ఏం తిన్నానో నాకు గుర్తులేదు.

కొన్ని నెలలకు నివేదిక వచ్చింది. రైతులు శిక్షణ కోరారని ఉంది. ఓడల ఊసే లేదు. ఆఫీసులో కూర్చుని రెండుసార్లు చదివాను. కోపం వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. లేచి వెళ్లి టీ తాగాను.

ఆ ఆదివారం అక్కావాళ్ల ఊరు వెళ్లాను. బావ తోటలో రాలిన పళ్ల నుంచి పిక్కలు మెలిపెట్టి తీస్తున్నాడు. పక్కన కూర్చుని నివేదిక సంగతి చెప్పాను. ఆ రోజు ఆఖరి మాట తర్జుమా చెయ్యలేదని కూడా చెప్పాను.

"మరి సెప్పీసేనన్నావు?" అన్నాడు, చెయ్యి ఆపకుండానే.

నేనూ ఒక పండు అందుకుని పిక్క మెలిపెట్టాను.

"నువ్వు సెప్పినా ఆళ్లు రాసుండరులే." చేతిలోని పిక్క గంపలో వేసి, "అయినా సెప్పాల్సింది బావా" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అదీ అనిపించలేదు. గంప నిండితే మోసుకెళ్లి ఎండలో పరిచిన పట్టా మీద పోశాను.

ఈ ఏడాది మళ్లీ అలాంటి సభే, అదే హోటల్లో జరిగింది. బావ వచ్చాడని నాకు తర్వాత అక్క ఫోనులో చెప్తేనే తెలిసింది. తర్జుమాకు వాళ్ల ఊరి బడి టీచరమ్మను వెంట తెచ్చుకున్నాడట. తమలో ఒకరిని కూర్చోబెట్టమన్న మాటే ముందు చెప్పించాడట.

"ఏమన్నారు?" అని అడిగాను.

"రాసుకున్నార్ట" అంది అక్క.

బావ మా ఇంటికి రాకుండానే ఆ సాయంత్రం బస్సెక్కేశాడట. ఎందుకని అక్కను నేను అడగలేదు.