పొగడచెట్టు లోపలి బూజు కోసం ముక్తేశ్వరం దాకా

నన్ను మళ్లీ కోనసీమకు రప్పించింది ఒక బూజు. చెట్ల ఆకుల్లో, కొమ్మల్లో వాటికి ఏ హానీ చేయకుండా కాపురముండే శిలీంధ్రాలు కొన్ని ఉంటాయి. వాటిలో కొన్ని మందుకు పనికొచ్చే పదార్థాలు తయారుచేస్తాయి. కిందటేడు ముక్తేశ్వరంలో సత్తిబాబుగారి కొబ్బరితోటలో, పొగడచెట్టు ఆకులో దొరికిన బూజు మా ల్యాబ్‌లో పుండ్లను ముదరబెట్టే సూక్ష్మజీవులను చక్కగా అడ్డుకుంది. తీరా గాజుపళ్లేల్లో పెంచగా పెంచగా, పుట్టింటి మీద బెంగ పెట్టుకున్నట్టు ఆ పదార్థం తయారుచేయడమే మానేసింది. అదే చెట్టు నుంచి మళ్లీ తెచ్చుకోలేకపోతే నా పరిశోధన అక్కడితో సరి.

కాకినాడలో తెల్లవారుతూనే కోటిపల్లి బస్సెక్కాను. రేవులో దిగేసరికి గౌతమి మీద మంచు ఇంకా విడలేదు. బస్సుకీ, నది దాటించే పంటుకీ కలిపి వంద రూపాయలకు కాస్త అటూ ఇటూ. పంటు కదిలాక ఒడ్లు రెండూ మాయమయ్యాయి. బైకులు, పాలక్యాన్లు, సగం నిద్రలో మనుషులు, అందరం ఎక్కడికీ వెళ్లనట్టే వెళుతున్నాం. కాసేపటికి కొబ్బరితలలు మాత్రం గాల్లో తేలుతూ కనిపించాయి. టికెట్లు కోసే ఆయన నా ఐసుపెట్టె కేసి చూసి, “రొయ్యలాండీ?” అన్నాడు.

“కాదండీ, ఆకులు తెచ్చుకోడానికి.”

“ఆకులకి ఐసెందుకండీ బాబూ!” అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ముక్తేశ్వరం రేవు నుంచి ఆటోలో తోటకు వెళ్లాను. పొగడపూల వాసన గట్టు మీదే ఎదురొచ్చింది. ఆ మత్తులోనే నడిచి చెట్టు దగ్గరకెళ్లి ఉలిక్కిపడ్డాను. మొదలంతా నీలంగా ఉంది.

“మా పొగడలో బూజుందని ఫోన్లో అన్నారు కదండీ మరి,” అన్నారు సత్తిబాబుగారు సంబరంగా. “మైలుతుత్తం, సున్నం కలిపి కొబ్బరికి పూసినట్టే పూసేసేనండి. ఆకులకీ కొట్టించేను. ఇంక బూజన్నది ఉండదండి, ఆయ్!”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం మాత్రం రాలేదు. నా మాట మీద గౌరవంతో చేసిన పని అది.

“నేనొచ్చింది ఆ బూజు కోసమేనండీ,” అన్నాను.

ఆయన మొహం వాడిపోయింది. వెనకే మజ్జిగ గ్లాసుతో వచ్చిన ఆయన భార్య సుబ్బలక్ష్మిగారు, “అయ్యో, ఉన్నదాన్ని చంపేసేరాండీ మీరు!” అన్నారు.

“తెగులనుకున్నానే! తెగులు కాదాండీ?”

“కాదండీ. చెట్టుతో కలిసి బతుకుతుంది.”

ఆయన చెట్టు చుట్టూ తిరిగి పైకొమ్మలన్నీ వెతికారు. “చిటారుకొమ్మలకి మందు అందలేదండి,” అన్నారు చివరికి. మందు పైపూతే, నాకు కావలసింది లోపల ఉంది. ఆశ ఉంది కానీ నమ్మకం లేదు. కాయలు దింపు తీస్తున్న మనిషిని కొబ్బరిచెట్టు మీంచి పిలిచి పొగడ ఎక్కించారు. ఆకులు పడుతుంటే, కింద రాలకుండా సత్తిబాబుగారే తన కండువా పట్టారు. తడిగుడ్డలో చుట్టి ఐసుపెట్టెలో పెట్టుకున్నాను.

భోంచేయందే కదలనివ్వలేదు. పనసపొట్టు కూర, పెరుగు తిన్నాక అరుగు మీద కళ్లు మూతలు పడ్డాయి. తోటలో గాలి వీస్తుంటే, పైన అన్ని ఆకుల్లో మనకి కనబడకుండా సాగుతున్న కాపురాల గురించి కలగన్నానో ఆలోచించానో చెప్పలేను. సాయంత్రం పంటు దాటుతున్నప్పుడు పెట్టెను ఒళ్లోంచి దించలేదు.

ఇటు వచ్చేవాళ్లకు ఒక్క మాట: ఆఖరి పంటు ఎప్పుడో దిగగానే రేవులో అడిగి ఉంచుకోండి, నది నీటిని బట్టి ఆ వేళ మారుతుంటుంది.

కొన్నాళ్లకు ల్యాబ్‌లో గాజుపళ్లెంలోని ఆకుముక్క కోసిన అంచు నుంచి తెల్లటి బూజు పోగు బయటికొచ్చింది. పాతదేనా, ఆ పదార్థం తయారుచేస్తుందా అన్నది ఇంకా తేలాలి. అయినా కళ్లు చెమ్మగిల్లాయి. ఆ సాయంత్రమే సత్తిబాబుగారి ఫోను. నా క్షేమం అడగలేదు.

“మన బూజు కులాసాయేనాండీ?”